సైకిలు ముందు పండ్లచక్రములు: ఎంపిక, అమరిక

పెద్దలారా! సైకిలునకు ముందుభాగమున, పెడళ్ళ నడుమ నుండు పండ్లచక్రములను ఎన్నుకొనుట యెట్లు, వానిమీద చైను చక్రమునుండి చక్రమునకు సుళువుగా మాఱునట్లు అమర్చుకొనుట యెట్లు అను విషయమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఈ చక్రమునే మన మరమ్మతుకొట్లలో చైనువీలందురు. ఇది పిల్లల సంగతి, కాదేని కొట్టువాని సంగతి, మనకేల యని మీరనుకొనవచ్చును. కాని మనుమనికిగాని మనుమరాలికిగాని సైకిలు కొనిపెట్టునపుడు రూకలు లెక్కపెట్టి యిచ్చునది మీరు. అది పనిచేయక గోడకు చేరగిలబడినపుడు చూచి నొచ్చుకొనునదియు మీరే.

మఱియొక సంగతి. మన వర్ధన్నపేట వరంగల్లునుండి ఖమ్మము పోవు రహదారిమీద నున్నది. చుట్టుపట్ల పల్లెలనుండి బడికి వచ్చు పిల్లలు ఆ దారిని లారీలకును బస్సులకును ఓరగా త్రొక్కుకొని రావలసినవారు. ఎత్తు ఎక్కుచుండగా చైను ముందుచక్రమునుండి జాఱెనా, బలమంతయు పెట్టి త్రొక్కుచున్న పాదము ఆధారము తప్పి ఒక్కుమ్మడి క్రిందికి పోవును. బండి ప్రక్కకు ఒరగును. ఆ ప్రక్క గట్టు కావచ్చును, లారీ కావచ్చును. కావున ఇది సుఖమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

మనము చిన్ననాటినుండి ఎఱిగిన సైకిలునకు ముందు ఒక్కటే చక్రము, వెనుక ఒక్కటే ఫ్రీవీలు. ముందు 44 పండ్లు, వెనుక 18 పండ్లు అనునది తఱచుగా కానవచ్చు అమరిక. అట్టి బండిలో పెడలు ఒకమాఱు తిరుగగా వెనుక చక్రము దాదాపు 2.44 మాఱులు తిరుగును; బండి సుమారు అయిదున్నర మీటర్లు ముందుకు సాగును. చైను ఎక్కడికిని మాఱనక్కఱలేదు గావున అది పడిపోవుటయు అరుదు.

ఇప్పుడు పిల్లలు కోరు గేరుబండ్లలో ముందు 3 చక్రములు, వెనుక 7 చక్రములు ఉండును. మూడేడులు ఇరువదియొకటి గావున 21 గేరులని అంగడివారు చెప్పుదురు. ముందు 24, 34, 42 పండ్లును, వెనుక 14 మొదలు 28 వఱకు పండ్లును గల బండి నొకదానిని ఉదాహరణముగా గైకొందము. ముందు 24, వెనుక 28 పెట్టినచో పెడలు ఒక చుట్టునకు బండి రెండు మీటర్లయినను సాగదు; కాని బరువుతో ఎత్తు ఎక్కుటకు అది మిగుల తేలిక. ముందు 42, వెనుక 14 పెట్టినచో ఒక చుట్టునకు ఆఱు మీటర్లకు మించి సాగును. కాని త్రొక్కుట కష్టము.

ఇందొక తమాషా గలదు. ముందు నడిమి చక్రము 34, వెనుక చిన్నది 14 పెట్టి భాగించి చూడుడు: 2.43 వచ్చును. అనగా మన తాతలనాటి సైకిలునకున్న ఒకే ఒక గేరు ఈ క్రొత్త బండియందు నడిమి చక్రముమీదనే యున్నదన్నమాట. అట్లే 42ను 24చేతను, 34ను 20చేతను, 24ను 14చేతను భాగించినచో వరుసగా 1.75, 1.70, 1.71 వచ్చును. పేరునకు మూడు గేరులు. కాలికి మూడును ఒక్కటే. 21 అను సంఖ్యను చూచి మురిసి అదనముగా రూకలు పెట్టువారు ఈ లెక్కను మొదట చేసికొనవలెను.

ఈ యంత్రపు పూర్వచరిత్రమును రెండు మాటలలో చెప్పెదను. వెనుక చక్రమును చైనుతో నడుపు నేటి ఆకారమునకు దారితీసిన రోవర్ సైకిలును ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ 1885లో వెలువరించెను. ఫ్రాన్సు దేశమున సేంతెత్యెన్ పట్టణపు వాడగు పాల్ ద వివీ అను నాతడు ఒకే బండికి పలు గేరులుండవలెనని తన పత్రికలో జీవితాంతము వాదించెను. అయినను ప్రసిద్ధమైన టూర్ ద ఫ్రాన్స్ పందెమున చైనును ప్రక్కకు త్రోయు ఈ సాధనమును, అనగా డిరైలరును, 1937లోగాని అనుమతింపలేదు. మన దేశమున మద్రాసు చెంత అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు 1949లో నెలకొనెను. లుధియానాలోని హీరోవారు 1956లో సైకిళ్ళు తయారుచేయ మొదలిడిరి. చిరకాలము మన పల్లెలకు వచ్చినవి ఒంటి చక్రపు బండ్లే. అందుచేతనే ఆ బండిని కన్నులు మూసికొని విప్పి బిగింపగల మరమ్మతుదారు సైతము ముందు డిరైలరు కడ తడుముకొనుచుండుట గలదు. అది అతని తెలివితక్కువ గాదు. ఆ పనికి వేఱొక క్రమము గలదు, అంతియే.

వెనుక గేరు సులభముగా మాఱునే, ముందుదే యేల మొరాయించును? చైనునకు పైవరుస, క్రిందివరుస యని రెండు వరుసలున్నవి. మనము త్రొక్కునపుడు పైవరుస వింటినారివలె బిగిసియుండును. క్రిందివరుస వదులుగా నుండును. వెనుక డిరైలరు వదులైన క్రిందివరుసను పట్టుకొని త్రోయును. ముందు డిరైలరు మాత్రము బిగిసియున్న పైవరుసను త్రోయవలెను. మీదుమిక్కిలి, వెనుక చక్రముల నడుమ రెండు లేక నాలుగు పండ్ల తేడా యుండగా, ముందు చక్రముల నడుమ ఎనిమిది, పది పండ్ల తేడా యుండును. ఒక్కొక్క పల్లు పెరిగినకొలది చక్రపు అర్ధవ్యాసము దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగును. అనగా 34 నుండి 42నకు చైను ఎక్కవలెనన్న 16 మిల్లీమీటర్ల మెట్టు ఎక్కవలెను. బిగిసిన చైనుచేత అంత మెట్టు ఎక్కించుట సామాన్యముగాదు. కావుననే చక్రముల యెంపికయందును అమరికయందును శ్రద్ధ వలయును.

ఇక ఎంపికను గూర్చి నాలుగు మాటలు.

మొదట, చక్రములు క్రాంకునకు రివిట్లతో కొట్టబడినవా, లేక బోల్టులతో బిగింపబడినవా అని చూడుడు. చౌక బండ్లలో రివిట్లే యుండును. అట్టివానిలో ఒక చక్రము అరిగినను వంగి పాడయినను దానిని మాత్రము మార్చుటకు వీలుండదు. క్రాంకుతో గూడ మొత్తము మార్చవలసివచ్చును. బోల్టులున్నచో ఏది చెడిన దానినే మార్చుకొనవచ్చును. కాని బోల్టు రంధ్రముల సంఖ్యయు, వాని వలయపు కొలతయు పాత చక్రముతో సరిపోవలెను. పాత చక్రమును చేతబట్టుకొని అంగడికి పోవుట అన్నిటికంటె మేలు.

రెండవది, పండ్ల లెక్క. 24, 34, 42 అనునది ఒక కూర్పు. 28, 38, 48 అనునది మఱియొకటి. మొదటిదానిలో పెద్దదానికిని చిన్నదానికిని తేడా 18, రెండవదానిలో 20. ప్రతి డిరైలరునకును ఇంత తేడావఱకు మోయగలనను హద్దు కలదు. దాని పంజరపు వంపును ఫలాని పెద్దచక్రమునకని యుద్దేశించి చేయుదురు. 42 పండ్లకు చేసిన పంజరమును 48 పండ్ల చక్రముపై పెట్టినను, దానిని దీనిపై పెట్టినను, వంపులు కలియక చైను తడబడును. తోచినట్లు ఒక చక్రమును తెచ్చి తగిలించుట ఇందుచేతనే తగదు.

మూడవది, చక్రపు ముఖమును పరికింపుడు. మంచి చక్రములలో పెద్దదాని లోవైపున అక్కడక్కడ వాలుగా చెక్కిన గండ్లును, చిన్న చిన్న ఉక్కు మేకులును ఉండును. కొన్ని పండ్లు తక్కినవానికంటె పొట్టిగా నుండును. వానిని చూచి చక్రము అరిగినదనిగాని, తయారీలో లోపమనిగాని భ్రమపడరాదు. బావిలోనికి దిగుటకు గోడలో నిలిపిన రాతిమెట్లవంటివి అవి; చైను వానిని ఆనుకొనియే పైకెక్కును. అవి యేమియు లేని చదునైన చక్రముపై చైను ఎక్కునుగాని, కీచుమని అఱచి, కొసరి కొసరి ఎక్కును.

నాలుగవది, నిజముగా మూడు చక్రములు కావలయునా అని ఆలోచింపుడు. బడికి, అంగడికి, చేనికి మాత్రమే పోవు బండికి ముందు ఒక చక్రము, వెనుక పలు చక్రములు చాలును. ముందు డిరైలరే లేనపుడు దాని రోగమును లేదు. బరువులు మోయువారికిని, గుట్టదారుల తిరుగువారికిని మూడు చక్రములు ఉపకరించును. అవసరమును బట్టి కొనుటయే గాని ఆడంబరమును బట్టి కొనుట కూడదు.

ఎంపిక అయినపిదప అమరిక. ఇందు నేను నొక్కి చెప్పదలచినది ఒక్కటే: క్రమము తప్పరాదు. ముందు చక్రములు, పిదప పంజరము, తరువాత స్క్రూలు, తుదకు కేబులు. సామాన్యముగా జరుగునది దీనికి తలక్రిందు. చైను పడినదనగానే స్క్రూడ్రైవరు చేతికి వచ్చును.

మా బంధువుల యింట ఒక బాలిక సైకిలు ఇట్లే చైను జాఱవిడుచుచుండెను. రెండు మూడు చోట్ల చూపిరి. చూచినవారెల్ల స్క్రూలు త్రిప్పిరి. రెండు దినములు బాగుండి మరల పడుచుండెను. ఆ పిల్ల చేతులకు చైను నూనె, బట్టలకు మరకలు, బడికి ఆలస్యము. తుదకు సైకిలు వలదని యేడ్చినది. నేను చూడగా, పూర్వపు క్రాంకు విఱుగగా 48 పండ్లదాని స్థానమున 42 పండ్లది వేసియుండిరి. కాని పంజరమును క్రిందికి దింపలేదు. ఆఱు పండ్లు తగ్గినవి గావున చక్రపు అంచు 12 మిల్లీమీటర్లు క్రిందికి పోయినది. పంజరము పాతచోటనే నిలిచి, ఆ సందులో చైను ఇటునటు ఊగులాడుచున్నది. పంజరమును దింపి బిగించితిమి. వంపు పూర్తిగా సరిపోకున్నను చైను పడుట మానినది. స్క్రూలు ఎన్ని మాఱులు త్రిప్పినను ఈ దోషము తీఱెడిది కాదు.

క్రమమును వివరించెదను. మొదట చక్రములు. చైనును కిరసనాయిలుతో కడిగి తుడిచి, ఉక్కుబద్దతో కొలువుడు. చైనులో రెండు మేకుల నడుమ అర అంగుళము. 24 సందులు లెక్కించినచో సరిగా 12 అంగుళములు కావలెను. వీసము అంగుళము పెరిగినచో చైను మార్చవలెను. రెండు వీసములు పెరిగినచో చక్రములును వెంట అరిగియుండును. పండ్ల కొనలు వంకరయై కొక్కెములవలె కనబడును. అట్టివానిపై ఏ అమరికయు నిలువదు.

పిదప క్రాంకును ప్రక్కలకు ఊపి చూడుడు. ఇరుసు కదలినచో ముందు దానిని బిగింపుడు. ఫ్రేమునకు ఒక పుల్లను ఆనించి, దాని కొన చక్రమునకు తగిలీ తగులనట్లుంచి, చక్రమును మెల్లగా త్రిప్పుడు. ఒకచోట తగిలి మఱియొకచోట దూరమైనచో చక్రము వంగినదన్నమాట. బండిచక్రపు వంకర చూచుటకు మనము ఎఱిగిన ఉపాయమే యిది. కొద్ది వంపును స్పానరుతో పట్టి మెల్లగా సరిచేయవచ్చును.

బోల్టులతోనున్న చక్రములను విప్పి బిగించునపుడు దిక్కు ముఖ్యము. పెద్దచక్రమున వెలివైపునకు పొడుచుకొనివచ్చిన మేకు ఒకటి యుండును. అది క్రాంకు వెనుకకు రావలెను. వెలుపలికి పడిన చైను క్రాంకునకును చక్రమునకును నడుమ ఇఱుకుకొనకుండ కాపాడునది అదియే. నడిమి చక్రమునకును చిన్నదానికిని లోపలి అంచున ఒక చిన్న ముక్కు ఉండును. అదియు క్రాంకునకు సూటిగా నుండవలెను. ఈ దిక్కు తప్పినచో గండ్లును మేకులును తమ తమ స్థానములకు రాక నిరర్థకములగును. బోల్టులను ఒకదానివెంట ఒకటిగా గాక, ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగింపవలెను.

ఇక వరుస. రాట్నము త్రిప్పిన యిండ్లవారికి ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. పెద్దచక్రమునకు కదురు సూటిగా లేనియెడల త్రాడు మాటిమాటికి జాఱును. ఇచ్చటను అంతియే. బండి వెనుక నిలిచి చూచినపుడు ముందు నడిమి చక్రము వెనుక ఏడింటిలో నాలుగవదానికి సూటిగా నుండవలెను. క్రాంకు ఇరుసు పొడవైనది వేసినచో ముందుచక్రములు వెలికి జరుగును. పొట్టిదైనచో లోనికి జరుగును. ఇరుసు మార్చునపుడు పాతదాని పొడవుతో సరిచూచుకొనుట మఱవరాదు.

రెండవ మెట్టు పంజరము. పంజరమును పెద్దచక్రమునకు సరిగా పైకి తెచ్చి చూచినపుడు, దాని వెలుపలి రేకు అంచునకును చక్రపు పండ్లకును నడుమ 1 నుండి 3 మిల్లీమీటర్ల సందు, ఇంచుమించుగా ఒక రూపాయి బిళ్ళ దూఱునంత సందు, ఉండవలెను. పైనుండి చూచినపుడు ఆ రేకు చక్రమునకు సమాంతరముగా నుండవలెను. ఎత్తును, సూటియు ఒక్క బోల్టుచేతనే నిలుచును గావున ఓపికతో బిగింపవలెను.

మూడవ మెట్టు స్క్రూలు. డిరైలరుమీద రెండు చిన్న స్క్రూలున్నవి. పెక్కింటికి ఎల్, హెచ్ అను ఆంగ్లాక్షరములు చెక్కియుండును. ఇవి చైనును నడుపవు. ఇంతకంటె లోనికి పోవద్దు, ఇంతకంటె వెలికి పోవద్దు అని గీత గీయునవి మాత్రమే. చేనికి గట్టువంటివి. కేబులును వదలుచేసి, చైనును ముందు చిన్నచక్రముమీదను, వెనుక పెద్దచక్రముమీదను ఉంచుడు. లోపలి రేకునకును చైనునకును నడుమ అర మిల్లీమీటరునకు మించకుండ, అనగా పెండ్లిపత్రిక అట్ట దూఱునంత సందు ఉండునట్లు ఎల్ స్క్రూను త్రిప్పుడు. సందెక్కువైనచో చైను లోపలికి పడును. రేకు ఒరసికొన్నచో చైను రాపిడి పెట్టును.

నాలుగవ మెట్టు కేబులు. ఎడమచేతి మీటను చిన్నచక్రపు స్థానమునకు తెచ్చి, కేబులును పటకారుతో లాగి బిగింపుడు. పిమ్మట చైనును ముందు పెద్దచక్రమునకును, వెనుక చిన్నచక్రమునకును తెచ్చి, వెలుపలి రేకునకును చైనునకును నడుమ అంతియే సన్నని సందు ఉండునట్లు హెచ్ స్క్రూను సరిచేయుడు. తుదకు చైనును ముందు నడిమిదానిపైనను, వెనుక పెద్దదానిపైనను ఉంచి, లోపలి రేకు చైనునకు దగ్గఱగా, కాని తగులకుండ నుండునట్లు, మీటకడనున్న కేబులు మరను కొంచెము కొంచెముగా త్రిప్పుడు. క్రొత్త కేబులు కొన్ని దినములకు సాగును. అప్పుడు ఈ మరను మాత్రమే త్రిప్పవలెను, స్క్రూలను తాకరాదు.

కేబులు పోవు మార్గమును గూర్చి ఒక హెచ్చరిక. చాల బండ్లలో అది క్రాంకు ఇరుసు గూటి అడుగున నొక ప్లాస్టికు గాడిలో సాగును. వానకాలమున నల్లరేగడి బురద ఆ గాడిలో పేరుకొని యెండి గట్టిపడును. అప్పుడు మీట నొక్కినను కేబులు కదలదు; మీట చెడినదని జనులు క్రొత్తది కొందురు. గాడిని కడిగి, చుక్క నూనె వేసినచో ఆ ఖర్చు తప్పును.

యంత్రము ఎంత చక్కగా అమరినను నడుపువాని నేర్పు సగము. పిల్లలకు మూడు మాటలు నేర్పుడు. ఎత్తు మొదలుకాక మునుపే ముందుగేరు మార్చవలెను. ఎత్తు నడుమ కాదు. మార్చు క్షణమున పెడళ్ళు తిరుగుచుండవలెను గాని వానిపై బలము పెట్టరాదు. చైను బిగువు సడలినపుడే సుళువుగా మాఱును. ముందు పెద్దది వెనుక పెద్దది, లేక ముందు చిన్నది వెనుక చిన్నది కలిపి నడుపరాదు. చైను మిక్కిలి ఏటవాలై త్వరగా అరుగును. ఇందువలన నష్టమేమియు లేదు. అట్టి గేరులకు సమానమైనవి వేఱొక చక్రముమీద దొరకునని ముందే లెక్క చూచితిమి గదా.

పెద్దలారా! ఎద్దులబండి యిరుసు కూత వినియే కందెన చాలదని చెప్పగల నేర్పు మీకు గలదు. ఈ క్రొత్త బండికిని ఆ చెవియే, ఆ కన్నే కావలయును. కొట్టులో మరమ్మతుదారు స్క్రూడ్రైవరు చేతబట్టినపుడు, "నాయనా, ముందు చక్రము వంకర చూడుము, పంజరపు ఎత్తు చూడుము, స్క్రూలు తరువాత" అని మీరొక్కమాట చెప్పినచో చాలును. ఆ మాటచేత రూకలు నిలుచును; అంతకంటె ముఖ్యముగా, రహదారిమీద పిల్లవాని పాదము పెడలుమీద నిలుచును. ఇంతటితో ముగించుచున్నాను.